రొట్టె నా వంతు, సూది ఆమె వంతు

పొద్దు గూకితే ఉప్పల్, నాచారం దారుల్లో జొన్నరొట్టెల పొయ్యిలు అంటుకుంటాయి. పార్సిల్ కోసం నిలబడిన వాళ్లలో ఒకరు ‘ఇంట్లో షుగర్ ఉంది’ అంటే చాలు, పక్కనున్న వాళ్లంతా తమ ఇంట్లోవాళ్ల షుగర్ నంబర్లు చెప్పడం మొదలుపెడతారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని 2023లో ఐసీఎంఆర్ లెక్క తేల్చింది. ఆ లెక్కకు ఎక్కని వాళ్లు ఈ పొయ్యిల దగ్గర కనిపిస్తారు: షుగరున్న వాళ్ల పెనిమిట్లు, పెళ్లాలు.

మా ఇంట్లో షుగర్ మా ఆవిడకు. వండేది ఆమె, అందరి తర్వాత తినేది ఆమె, మిగిలింది పారెయ్యలేక తినేదీ ఆమే. అలాంటి మనిషికి ‘తక్కువ తిను’ అని చెప్పి ఏం లాభం? పిల్లలు వదిలేసిన అన్నం ఏం చెయ్యాలో ముందు తేలాలి. అందుకే రాత్రి పొయ్యి నేను తీసుకున్నాను. గోధుమపిండికున్న సాగుడు జొన్నపిండికి లేదు. మరిగే నీళ్లు పోసి, వేడి తగ్గకముందే బాగా మెదిపి, అంచులు పగలకుండా అరచేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిబట్టతో అద్ది, తడి ఆరుతుండగా తిప్పాలి. నా రొట్టె ఇప్పటికీ తెలంగాణ పటంలాగే వస్తుంది. అయినా ఇద్దరం అదే తింటాం. ఒకే ఇంట్లో ఒకరికి రొట్టె, ఇంకొకరికి బగారన్నం పెడితే పథ్యం కాస్తా శిక్షలా తోస్తుంది.

మధ్యాహ్నం మాత్రం అన్నమే. మా ఉప్పల్ రోడ్డు మీదున్న సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు రాజేంద్రనగర్ వరి శాస్త్రవేత్తలతో కలిసి తెచ్చిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఆకు ఎండు తెగులును తట్టుకోవాలని చేసిన రకం అది. దాని గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, 51 దగ్గర ఉందని తర్వాత పరీక్షల్లో తేలింది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, కూడా ఆ దరిదాపుల్లోదే. షుగరున్న వాళ్లు తినొచ్చంట అనే ధీమాతో రెండోసారి వడ్డించుకునే ఇళ్లు నాకు తెలుసు. ఇండెక్స్ తగ్గి గిన్నె పెరిగితే ఏం మిగిలినట్టు?

వండటం తేలికే, పక్కన నోరు మూసుకోవడమే కష్టం. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం పోలాన్‌స్కీ షుగర్‌తో విసిగిపోయిన వాళ్ల గురించి ఏళ్ల తరబడి పనిచేశాడు. ప్రేమకొద్దీ కాపలా కాసే ఇంటివాళ్లను అక్కడ డయాబెటిస్ పోలీసులంటారు. మా కాలనీలో ఒకావిడ ఇంకా బాగా చెప్పింది: “మా ఇంట్ల మొగుడు లేడమ్మా, ఇన్‌స్పెక్టర్ ఉన్నడు.” ఇన్‌స్పెక్టర్ ఉన్న ఇంట్లో లడ్డూ తినడం ఆగదు, చాటుకు పోతుంది. షుగర్ రాసుకునే నోట్‌బుక్‌లో అంకెలు కూడా మెల్లగా అందంగా మారతాయి. ఆ అంకెలు చూసి డాక్టర్ మందు రాస్తే ఇంకో ప్రమాదం.

మీటర్‌లో 240 కనబడితే నేను అడిగేది ఒక్కటే: “చేతులు కడుక్కున్నవా?” వెక్కిరింపు కాదు. మామిడిపండు తిన్న వేలికి రసం అంటుకుని ఉంటే మీటర్ దాన్నీ లెక్కేస్తుంది. సూదిని వేలి మొనకు కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టెయ్యాలి, తేమ తగిలితే అవి పాడవుతాయి. కొత్త ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉండాలి, ఫ్రీజర్‌కు ఆనకూడదు. ఈ సామాను సంగతి నాది. అంకె ఆమెది. పెళ్లింట్లో తిన్న మర్నాటి అంకె చూసి తీర్పు చెప్పే పని ఎవరికీ లేదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ కణాలకు అంటిన చక్కెరను చూసే మూడు నెలల పరీక్ష ఎలాగూ సగటు చెబుతుంది.

భోజనమయ్యాక నడుస్తాం. కండరాలు కదిలితే రక్తంలోని గ్లూకోజును అవే లాక్కుంటాయి, పావుగంట నడిచినా తేడా తెలుస్తుంది. ఉప్పల్ రింగురోడ్డు ట్రాఫిక్‌లో నడకేమిటని అనుకునేవాళ్లం. 2023 జూన్‌లో 660 మీటర్ల స్కైవాక్ తెరిచారు. మోకాళ్ల నొప్పులుంటే లిఫ్టులో ఎక్కొచ్చు. అక్కడ మేం షుగర్ గురించి మాట్లాడుకోం. కోడళ్ల గురించి, కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటాం.

షుగర్ పెరిగితే బతిమాలుకోవడానికి టైం ఉంటుంది, పడిపోతే ఉండదు. చెమటలు, వణుకు, కారణం లేని కోపం. ఆ కోపానికి జవాబు చెప్పకూడదు, ముందు మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లివ్వాలి. పావుగంటకు మళ్లీ చూస్తే 70 దాటి ఉండాలి, లేకుంటే మళ్లీ ఇవ్వాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏదీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

ఆషాఢం వస్తోంది. బోనం ఎత్తే రోజు పొద్దుట్నుంచి ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పినా వినదు. ఒప్పందం ఏమిటంటే, ఆ పూట ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ముందే డాక్టర్‌ను అడుగుతాం, గుడి దారిలో ఒకసారి వేలు గుచ్చి చూసుకుంటుంది, 70కి దిగితే అమ్మవారి మీద ఒట్టేసి చక్కెర నీళ్లు తాగుతుంది. చివరి షరతు మీద బేరం ఇంకా నడుస్తోంది.