144 అంతస్తుల మతిమరుపు

ప్రపంచం నాశనమైపోయాక ఏమవుతుందో చూపించే సిరీస్‌లంటే నాకు పెద్దగా పడదు. బూడిదరంగు ఆకాశం, జాంబీలు, చేతిలో తుపాకీ ఉన్న ఒక తండ్రి, వెనకాల ఒక పిల్ల. ఎప్పుడూ అదే వరస. ‘సైలో’ పెట్టింది కూడా ఆత్మకూరులో ఒక వేసవి రాత్రి, ఇంకేదీ చూడబుద్ధి కాక. మూడో ఎపిసోడ్ అయ్యేసరికి రెండు దాటింది. నాలుగు రోజుల్లో మొదటి సీజన్ పది ఎపిసోడ్లూ ఊడ్చేశాను. ఆ వెంటనే రెండోది. ఇంతలా ఎందుకు పట్టుకుందా అని అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

హ్యూ హోవీ 2011లో సొంతంగా ఈబుక్‌గా వేసుకున్న ‘వూల్’ అనే కథ దీనికి మూలం. గ్రాహమ్ యోస్ట్ దాన్ని 2023లో యాపిల్ టీవీ ప్లస్ కోసం సిరీస్ చేశాడు. మన పల్లెల్లో నేల తవ్వి ధాన్యం దాచే పాతరలు ఉండేవి కదా. అలాంటి పాతర ఒకటి, 144 అంతస్తుల లోతున, ధాన్యం బదులు పది వేల మంది మనుషులతో. బయట గాలి విషం అంటారు. పైన ఫలహారశాలలో గోడంత తెర మీద బోడి గుట్ట, మసక ఆకాశం కనిపిస్తుంటాయి. ‘నాకు బయటికి పోవాలనుంది’ అని ఎవరైనా నోరు విప్పి అన్నారో, ఇక వెనక్కి తీసుకోవడం లేదు, పంపించేస్తారు. చేతిలో ఒక ఉన్నిగుడ్డ పెడతారు, కెమెరా అద్దం తుడవమని. తుడిచి, కాస్త దూరం నడిచి కూలిపోతారు. ఛస్తే తుడవనని ఒట్టేసి పోయినవాళ్లు కూడా బయటికెళ్లాక తుడుస్తారు. ఎందుకు తుడుస్తారో చెప్పను, చూసుకోండి.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ మిస్టరీ కాదు, పని. జూలియెట్ (రెబెకా ఫెర్గూసన్) అట్టడుగున జెనరేటర్ చూసుకునే మెకానిక్. టర్బైన్ బ్లేడు వంగిపోయింది. బాగు చెయ్యాలంటే యంత్రం ఆపాలి. ఎక్కువసేపు ఆపితే ఆవిరి ఒత్తిడికి అంతా పేలిపోతుంది. పైవాళ్లు చీకట్లో ఎదురుచూస్తుంటే, నీళ్లంటే భయమున్న ఈ మనిషి ఆవిరి గదిలోకి దిగి, కాలిపోతున్న మూత మీద పైపుతో నీళ్లు కొడుతూ నిలబడుతుంది. ఎపిసోడ్‌లో చాలాసేపు ఇదే. ఒక రిపేరు పనిని ఇంత ఉత్కంఠగా చూపించిన సినిమా నాకు వెంటనే గుర్తు రావడం లేదు. ఆ లోకంలో లిఫ్టు ఉండకూడదు. ఏ కబురైనా, ఏ సరుకైనా మెట్ల మీద మోసుకుపోవాల్సిందే. పైనోళ్లు పైనోళ్లే, కిందోళ్లు కిందోళ్లే. అంతస్తు అన్న మాటకి రెండర్థాలూ ఉన్న తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

అసలు నేరం వేరే ఉంది, పాత వస్తువు దగ్గరుంచుకోవడం. 140 ఏళ్ల కిందట తిరుగుబాటు జరిగిందట, అంతకు ముందటి రికార్డులన్నీ పోయాయట. అప్పటివేవైనా దొరికితే వాటిని ‘రెలిక్’ అంటారు. పిల్లల పిప్పరమెంట్ల డబ్బా, జార్జియా గురించి ఒక బొమ్మల పుస్తకం, ఇలాంటివే. వాటికోసం మనుషులు చస్తారు.

ఇక్కడే ‘కల్కి 2898 ఏడీ’ పక్కన పెట్టి చూడాలనిపించింది. 2024లో వచ్చిన నాగ్ అశ్విన్ సినిమాలో కూడా లోకం పాడైపోయింది. గంగ ఎండిపోయింది, మిగిలిన నగరం కాశీ ఒక్కటే. కానీ అశ్వత్థామ ఆరు వేల ఏళ్లు బతికే ఉన్నాడు, అతనికి అన్నీ గుర్తే. మన ప్రళయంలో ఊళ్లు పోతాయి, నదులు పోతాయి, భారతం మాత్రం పోదు. సైలోలో అంతా తిరగబడింది. మెట్లు, చట్టం, వంటిల్లు, షెరీఫ్ ఆఫీసు అన్నీ లక్షణంగా నడుస్తుంటాయి, జ్ఞాపకం ఒక్కటే లేదు. నాకైతే ఇదే ఎక్కువ భయం.

కల్కి చెప్పేది కల్ల అనను. మా ఆత్మకూరు పక్కన చేజర్ల మండలంలో పెరుమాళ్లపాడు ఉంది. 2020 జూన్‌లో, కోవిడ్ రోజుల్లో, పెన్న ఇసుకలో పూడిపోయిన నాగేశ్వరాలయాన్ని ఊరివాళ్లే తవ్వి బయటపెట్టారు. కింద గుడి ఉందని పెద్దవాళ్లు చెప్పుకుంటూ వచ్చారు కాబట్టే ఎక్కడ తవ్వాలో తెలిసింది. కల్కి విడుదలయ్యాక ‘అశ్వత్థామ గుడి ఇదే’ అంటూ ఆ ఫొటోలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి.

ఉదయగిరి సంగతి అలా కాదు. అది మా అమ్మ పుట్టిల్లు. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, మరుసటి ఏడు గజపతుల చేతిలోంచి ఈ కోటను లాక్కున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు ప్రతి సెలవుల్లోనూ ఆ కొండ కిందే ఆడుకున్న నాకు ఈ ముక్క చెప్పింది హంపిలో ఒక గైడు. కోట మీద ఇప్పుడు గోడలు, గుళ్లు, మసీదు, గుప్తనిధుల కోసం ఎవరో తవ్విపోయిన గోతులు. మా పిన్నమ్మని అడిగాను, “ఈ కోట ఎవరిది పిన్నమ్మా?” అని.

“రాయలోరిది నాయనా.”

“అంతకు ముందు?”

“ముందు ఎవురుండిరో ఎవురికి తెల్సు? మాకు ఈ చెంచాల పనికే పొద్దు చాల్లా.”

సైలోతో నా పేచీ ఇదే. మతిమరుపు రావాలంటే ఒక కుట్ర కావాలని, దాని వెనక టిమ్ రాబిన్స్ లాంటి ఒక మెత్తటి పెద్దమనిషి ఉండాలని అది నమ్ముతుంది. ఉదయగిరిలో ఎవరూ ఏదీ నిషేధించలేదు. రికార్డులు తగలబెట్టలేదు, కొండెక్కిన వాళ్లని శిక్షించలేదు. కూలీ నాలీ చూసుకోవడంలోనే అంతా మరపున పడిపోయింది. దుర్మార్గుడు దొరికితే కథకి సుళువు. రెండో సీజన్ ఆ సుళువుకే లొంగింది. ఒకవైపు జూలియెట్ ఒంటరి పోరాటం, మరోవైపు ఎత్తులకి పైఎత్తులు, మధ్యలో చాలా సాగదీత. అన్నట్టు, స్క్రీన్ అంత చీకటిగా ఉంటే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఎలా తెలియాలి?

అయితే ఈ సిరీస్‌లోనే దీనికి జవాబు కూడా ఉంది, దానికే తెలియకుండా. వాకర్ అనే ముసలావిడ (హ్యారియెట్ వాల్టర్) ఏళ్ల తరబడి తన వర్క్‌షాపు గడప దాటదు. ఆవిడకి చరిత్ర తెలియదు. తీగ ఎక్కడ అతకాలో తెలుసు, దాన్ని జూలియెట్‌కి నేర్పింది. పిన్నమ్మ చెక్కే చెంచాల పిడి మీద తీగల నగిషీ ఒకటి ఉంటుంది. ఉదయగిరి చెక్కపనికి జీఐ గుర్తింపు వచ్చింది, ఆ నగిషీల్లో పారశీక ఛాయలున్నాయని కూడా అంటారు. ఆమెకి అది ‘లత’, అంతే. వాళ్లమ్మ చెయ్యి చూసి ఆమె చెయ్యి నేర్చుకుంది. అశ్వత్థామ లాగా గుర్తుపెట్టుకోవడమూ కాదు, సైలో జనం లాగా మరచిపోవడమూ కాదు. ఈ మూడో రకం జ్ఞాపకం మీద సిరీస్ ఇంకాస్త నిలబడి ఉంటే బాగుండేది. నాలుగో సీజన్‌తో ముగిస్తామని చెప్పారు కాబట్టి ఇంకా ఆశ ఉంది.

మొన్న ఉదయగిరి పోయినప్పుడు పిన్నమ్మకి మూడో ఎపిసోడ్ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాను. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చేతిలో ఉలి పక్కన పెట్టి చివరిదాకా చూసింది. జూలియెట్ ఆవిరి గదిలో నీళ్లు కొడుతుంటే మాత్రం ఊరుకోలేకపోయింది.

“ఆ మూత మీద తడిగోనె కప్పొచ్చు గదా ఆ పిల్ల!”