కొన్న ఆట ఎవరి పేరున ఉంది?

విశాఖపట్నంలో చాలా ఇళ్లకి గేమ్ కన్సోల్ ఓడ దిగి వచ్చింది. మర్చంట్ నేవీలో ఉన్న బావో, దుబాయ్‌లో పనిచేసే బాబాయో తెచ్చిపెట్టిందే. నింటెండో స్విచ్ 2017లో ప్రపంచమంతా విడుదలైనా కంపెనీ దాన్ని మన దేశంలో అధికారికంగా అమ్మలేదు. ప్లేస్టేషన్ 5 ఇతర దేశాల్లో 2020 నవంబరులో దొరికితే, మనకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. అంతవరకూ ఆగలేనివాళ్లు సింగపూర్ నుంచో అమెరికా నుంచో తెప్పించుకున్నారు. పెట్టె కస్టమ్స్ దాటి వచ్చేసింది. దాని కోసం తెరిచిన అకౌంట్ మాత్రం ఆ దేశపు అడ్రసు మీదే ఉండిపోయింది.

పాత కన్సోల్ నుంచి కొత్తదానికి ఆటలు మార్చే పని మా బంధువుల్లో ఎవరికి పడినా నాకే అప్పగిస్తారు. ఇష్టంగానే చేస్తాను. ఏళ్ల తరబడి ఆడిన ఆటని, అందులో సంపాదించుకున్న మెట్లతో సహా కొత్త ఇంటికి చేర్చడంలో ఒక తృప్తి ఉంది. కానీ పోయిన నెల గాజువాకలో మా మేనల్లుడి దగ్గర కూర్చున్నప్పుడు ఆ తృప్తి కాస్తా కోపంగా మారింది.

రెండు కన్సోళ్లనీ ఒకే రౌటర్‌కి తగిలించాం. ఫైళ్లన్నీ రాత్రికి రాత్రే కొత్తదాంట్లోకి చేరిపోయాయి. తెల్లారి చూస్తే, ప్రతి ఆట బొమ్మ మూలనా చిన్న తాళం గుర్తు. ఆటలు కొన్న అకౌంట్ మా బావ సింగపూర్‌లో తెరిచింది. అందులోకి వెళ్దామంటే కోడ్ నంబరు ఎప్పుడో మూలనపడ్డ సింగపూర్ సిమ్‌కి పోతోంది. నాలుగు రోజులు కంపెనీకి మెయిళ్లు రాసి అది తేల్చుకున్నాక ఇంకో చిక్కు. సింగపూర్ స్టోర్ మన కార్డు తీసుకోదు. మేనల్లుడు తన అకౌంట్‌లో, మన దేశపు స్టోర్‌లో డబ్బు కట్టి తెచ్చుకున్న అదనపు భాగం సింగపూర్‌లో కొన్న అసలు ఆటకి అతకదు. అకౌంట్ దేశం మార్చమంటే కుదరదన్నారు. కొత్త అకౌంట్ తెరుచుకోవచ్చట, పాత ఆటలు మాత్రం దాంట్లోకి రావట. రెండు అకౌంట్లూ మా ఇంటివే, రెండింటికీ కట్టిన డబ్బూ మాదే. డిస్కులు మాత్రం కొత్త కన్సోల్‌లో పెట్టగానే ఆడాయి.

ఉక్కునగరంలో స్టీల్ ప్లాంట్ క్వార్టర్ తీసుకున్న ఉద్యోగి ముప్పై ఏళ్లు అందులో ఉన్నా, రిటైరైతే తాళాలు అప్పగించాలని మొదటి రోజే తెలుసు. దానికి తగ్గట్టు సొంతిల్లు చూసుకుంటాడు. డిజిటల్ ఆట కూడా క్వార్టరే. దాన్ని సొంతింటి ధరకి, ‘కొనండి’ అన్న బటన్ పెట్టి అమ్మడమే అన్యాయం.

సాఫ్ట్‌వేర్ సరుకా కాదా అన్న విషయంలో మన రాష్ట్రం నుంచే ఒక పెద్ద కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టం కింద సాఫ్ట్‌వేర్ సీడీలకి పన్ను వెయ్యొచ్చా అన్నది టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కీ, రాష్ట్ర ప్రభుత్వానికీ మధ్య వివాదం. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పన్ను వెయ్యొచ్చని తేల్చింది. ఉపయోగం ఉండాలి, కొనడానికీ అమ్మడానికీ వీలుండాలి, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారగలగాలి, దాచుకోగలగాలి. ఈ లక్షణాలుంటే అది సరుకే అంది. ఆ తీర్పు సీడీలో పెట్టి అమ్మే సాఫ్ట్‌వేర్ గురించి. అదే కొలత డౌన్‌లోడ్ చేసిన ఆటకి పెట్టి చూడండి. కొనగలం, కానీ అమ్మలేం, తమ్ముడికి ఇచ్చెయ్యలేం. డబ్బు తీసుకునేటప్పుడు సరుకు, వాడుకునేటప్పుడు అనుమతి!

ఆ అనుమతికైనా భరోసా ఉందా అంటే అదీ లేదు. నింటెండో వీ స్టోర్ 2019 జనవరిలో, 3డీఎస్, వీ యూ స్టోర్లు 2023 మార్చిలో, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్ 2024 జూలైలో మూతపడ్డాయి. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపేయడంతో ‘ద క్రూ’ అనే రేసింగ్ ఆట డిస్కు కొన్నవాళ్లకి కూడా ఆగిపోయింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి ఒక చట్టం అమల్లో ఉంది. ఇచ్చేది లైసెన్స్ మాత్రమే అయితే ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా ‘కొనండి’ అనకూడదు. మనకి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చర్య తీసుకునే అధికారం అందులోనే ఉంది. ఆ అధికారాన్ని ఈ బటన్ దాకా తీసుకురావాలి.

ఈలోగా మన జాగ్రత్త మనది. విదేశం నుంచి కన్సోల్ తెప్పించుకున్నా అకౌంట్ మాత్రం మీరుండే దేశం మీదే, మీ మెయిల్‌తో, మీ దగ్గరుండే ఫోన్ నంబరుతో తెరవండి. కొత్త కన్సోల్‌లో ప్రతి ఆటా తెరుచుకుందని చూసుకున్నాకే పాతది చెరపండి. సేవ్ ఫైళ్లు ముందే మార్చుకోండి, ప్లేస్టేషన్ 5 ఆటల సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి రావు. కొత్తదాన్ని మీ ప్రధాన కన్సోల్‌గా పెట్టుకోండి, అప్పుడే నెట్ లేకపోయినా ఆట తెరుచుకుంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరివాళ్లకి నెట్ లేని రోజులంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

మీకూ ఇలాంటిది జరిగితే ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి రసీదుతో సహా ఫిర్యాదు పెట్టండి. డబ్బు పూర్తిగా కట్టిన వస్తువుని ఇంట్లోవాళ్లకి ఇచ్చుకునే హక్కు కొన్నవాళ్లకి ఉండాలి. ఆ హక్కు ఇవ్వలేని కంపెనీ అద్దెకిస్తున్నానని చెప్పి, అద్దె ధరే తీసుకోవాలి.