లైన్ తీసేయడమే మందు కాదు

కీమో మందుల్లో చాలావాటి ఘాటుకు చేతి నరాలు తట్టుకోలేవు. పదేపదే ఎక్కిస్తే కమిలి గట్టిపడతాయి. అందుకే గుండెకు చేరువలోని పెద్ద సిర దాకా సన్నని గొట్టం (లైన్) వేస్తారు. మోచేతి పైభాగం నుంచి వేసేది పిక్ లైన్. ఛాతీ చర్మం కింద అమర్చేది కీమో పోర్ట్.

ఎక్కువగా ఎదురయ్యే చిక్కు లైన్ మూసుకుపోవడం. చాలాసార్లు మందు లోపలికి పోతుంది గానీ రక్తం వెనక్కి రాదు. గొట్టం కొసన ఫైబ్రిన్ పొర పేరుకుంటే ఇలా అవుతుంది. ముందు క్లాంపు, మడతలు చూడాలి. రోగిని చెయ్యి ఎత్తమని, దగ్గమని చెప్పాలి. అప్పటికీ రాకపోతే గడ్డను కరిగించే మందు ఆల్టిప్లేజ్‌ను 2 మిల్లీగ్రాములు లైన్లో కొంతసేపు నిలిపి ఉంచితే చాలావరకు తెరుచుకుంటుంది. బలంగా నెట్టడం మాత్రం మొండితనమే. సిరంజి ఎంత చిన్నదైతే ఒత్తిడి అంత పెరిగి గొట్టం పగలవచ్చు. 10 మిల్లీలీటర్ల సిరంజి వాడమనేది అందుకే. రక్తం వెనక్కి రాని లైన్లో కండను కాల్చే మందు ఎక్కించకూడదు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇన్‌ఫెక్షన్‌కే. తెల్లకణాలు పడిపోయిన రోగికి జ్వరం ఒక్కసారి 101 డిగ్రీలు తాకినా, 100.4 గంటసేపు నిలిచినా అత్యవసరమే. లైన్ ఫ్లష్ చేయగానే చలి వణుకు పుడితే అనుమానం లైన్ మీదికే పోవాలి. యాంటీబయాటిక్‌కు ముందే లైన్ నుంచి, రెండో చేతి నుంచి ఒకేసారి రక్తం కల్చర్‌కు పంపాలి. లైన్ నమూనాలో క్రిమి కనీసం 2 గంటలు ముందుగా పెరిగితే దోషం దాదాపుగా లైన్‌దే. ఈ పని వదిలేసి మందు మొదలుపెడితే తర్వాత అంతా ఊహే. స్టెఫిలోకాకస్ ఆరియస్, కాండిడా తేలితే లైన్ తీసేయాల్సిందే. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫిలోకాకస్ రకాలైతే, రోగి నిలకడగా ఉన్నప్పుడు, యాంటీబయాటిక్‌ను లైన్లోనే నిలిపి దాన్ని కాపాడే ప్రయత్నం చేయవచ్చు.

చెయ్యి వాచి బరువెక్కితే డాప్లర్ పరీక్షలో రక్తపు గడ్డ కనబడవచ్చు. కంగారుపడి లైన్ పీకేయడం ఇక్కడ పరిపాటి, అది అనవసరం. లైన్ పనిచేస్తూ, ఇన్‌ఫెక్షన్ లేకుండా, ఇంకా అవసరమైతే ఉంచి, రక్తం పలచబరిచే మందు కనీసం 3 నెలలు ఇస్తారు. ప్లేట్‌లెట్లు 50,000 కన్నా తగ్గితే మోతాదు మీద పునరాలోచన తప్పదు.

అరుదుగా, గొట్టం కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య నలిగి తెగిపోతుంది.

ఇంట్లో ఉన్నవారు పిక్ లైన్ డ్రెస్సింగ్ వారానికోసారి మార్పించాలి; తడిసినా, ఊడినా వెంటనే. రాత్రి జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి బయలుదేరండి.