రెండు వంతెనలు, 45 చప్పుళ్లు

రైలుపెట్టె తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఉంటారు. ఒకాయన ఏళ్లుగా ఆ పని చేసినవాడు, రెండోవాడు కొత్తగా చేరిన కుర్రాడు. బయట చీకటి. రైలు ఆగదు, వేగమూ తగ్గదు. తోలు కవచంలో చుట్టిన ఉత్తరాల సంచిని సమయానికి బయటికి చాపాలి. పట్టాల పక్కన కట్టిన వల దాన్ని లాక్కుంటుంది. తొందరపడితే సంచి ఏ స్తంభానికో కొట్టుకుంటుంది, ఆలస్యమైతే వల వెనకబడిపోతుంది. మరి ఎప్పుడు చాపాలి? పెద్దాయన గడియారం చూడడు. రెండు వంతెనలు దాటాక చక్రాల చప్పుళ్లు 45 లెక్కపెట్టమంటాడు.

1936లో బ్రిటిష్ తపాలా శాఖ వారి ఫిల్మ్ యూనిట్ తీసిన ‘నైట్ మెయిల్’లోని ఘట్టమిది. హ్యారీ వాట్, బేసిల్ రైట్ తీశారు; వెనక పెద్దదిక్కు జాన్ గ్రియర్సన్. రాత్రి 8.30కి లండన్ యూస్టన్ స్టేషన్‌లో బయల్దేరి స్కాట్లండ్ చేరే తపాలా రైలు కథ. అందులో ప్రయాణికులుండరు, ఉత్తరాలూ వాటిని సార్టింగ్ చేసేవాళ్లే ఉంటారు. సుమారు 25 నిమిషాల చిత్రం. ప్రభుత్వ ప్రచారం కోసమే తీశారు కాబట్టి ఆ సార్టర్ల జీతాల మాట, రాత్రి డ్యూటీల కష్టం మాట అందులో వినిపించవు. ఆ లోటు లోటే. కానీ పనిచేసే చేతుల్ని ఇంత శ్రద్ధగా చూసిన చిత్రాలు తక్కువ.

సంచి ఘట్టాన్ని కూర్చిన తీరు చూడండి. చక్రం, కుర్రాడి ముఖం, చీకట్లో దూసుకుపోయే వంతెన, మళ్లీ చక్రం. వ్యాఖ్యానం లేదు, చప్పుడే లెక్క చెబుతుంది. ఒక్కో చప్పుడుకూ మన ఊపిరి బిగుస్తుంది. సంచి పడ్డాక గానీ వదలదు. హత్యా లేదు, దొంగా లేడు, ఉన్నదల్లా ఒక గుమాస్తా ఉద్యోగం. దాంట్లోంచి ఇంత ఉత్కంఠ పుట్టించడం ఎడిటింగ్ బల్ల మీది గొప్పతనం.

ఇక్కడో తమాషా ఉంది. సార్టింగ్ పెట్టె లోపలి దృశ్యాలు నడిచే రైల్లో తీసినవి కావు. బ్లాక్‌హీత్ స్టూడియోలో సెట్టు వేసి తీశారు. సార్టర్లు మాత్రం అసలువాళ్లే. కదలని సెట్టులో నిలబడి, రైలు కుదుపులకు ఊగినట్టు ఊగమన్నారు. పైనుంచి వేలాడదీసిన పురికొసనూ ఊపారు. పట్టాల చప్పుడు కూడా అసలు రైలు దగ్గర రికార్డు చేస్తే కుదరలేదు, చివరికి బొమ్మ రైలును పట్టాల మీద ముందుకూ వెనక్కూ నడిపి రాబట్టారు. ఇదంతా మోసం కదా అనేవాళ్లున్నారు. నేననను. రోజూ ఊగుతూ బతికిన ఒంటికి ఆ ఊపు నేర్పాల్సిన పనిలేదు, అందుకే గూళ్లలోకి ఉత్తరాలు విసిరే వేళ్లు ఒక్కసారీ అబద్ధమాడవు.

మనవాళ్లకు ఈ పెట్టె కొత్తదేమీ కాదు. రైళ్లలో తపాలా మోసే ఆర్.ఎం.ఎస్. వ్యాను, దాని పక్కన ఉత్తరాల పెట్టె, లేటు ఫీజు బిళ్ల అంటించి ఆఖరి నిమిషంలో పరుగెత్తి వేసిన కవర్లు పాత తరానికి గుర్తే. ఉదాహరణకు, గూడూరు–రేణిగుంట లైనులో ఏర్పేడు చిన్న స్టేషను. ఆ పేరు రాసిన కవరు ఏ సంచిలోకి పోవాలో, ఎక్కడ దిగాలో సార్టరు పుస్తకం తిప్పకుండా చెప్పాలి. ఒంటి లైను రోజుల్లో, రైలు ముందుకు పోవడానికి అనుమతిగా ఇచ్చే టోకెన్ మార్చుకోవడమూ ఇలాంటి విద్యే. పాయింట్స్‌మన్ బెత్తపు చట్రం ఎత్తి పట్టుకుంటే, ఇంజను మీదివాడు చెయ్యి దూర్చి అందుకుంటాడు. ‘నైట్ మెయిల్’ చూసినప్పుడల్లా నాకు ఆ చెయ్యి మెదులుతుంది.

చివర్లో రైలు స్కాట్లండ్‌లోకి అడుగుపెట్టి బీటాక్ ఎగువ ఎక్కేటప్పుడు కవి ఆడెన్ పద్యాలు మొదలవుతాయి. బొమ్మకు సరిపోని పాదాల్ని కొట్టేశారు. కవి అహం కంటే చక్రం నడక ముఖ్యమన్నమాట! సంగీతం 22 ఏళ్ల బెంజమిన్ బ్రిటెన్‌ది. వాద్యాల మధ్య గరుకు కాగితాన్నీ రుద్దించాడు. ఇంజను ఆవిరి అందులోంచే వస్తుంది.

ఆ పద్యాల్లాంటి మాటల్ని కూడా వదిలేసి లయ ఒక్కదాన్నే పట్టుకున్నవాడు జెఫ్రీ జోన్స్. బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ ఫిల్మ్స్‌కు 1963లో తీసిన ‘స్నో’ ఎనిమిది నిమిషాలే. మంచు తవ్వే కూలీలు, లోపల వెచ్చగా కూర్చున్న ప్రయాణికులు, అంతే. సంగీతం మెల్లగా మొదలై వేగం పెరిగేకొద్దీ షాట్లు పొట్టివవుతాయి. ఇది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది.

మన దేశంలో ప్రభుత్వం నడిపిన ఫిల్మ్స్ డివిజన్‌లో లయ పట్టే ఈ చెవి ఉన్న మనిషి ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి. 1967 నాటి ‘ఐ యామ్ 20’ స్వాతంత్ర్యంతో పాటు పుట్టిన పిల్లల మాటల చిత్రం, రైలు అందులో దేశాన్ని చూపే కిటికీ. కెమెరా, టేప్ రికార్డర్ పట్టుకొని దేశమంతా తిరగాలని ఒక కుర్రాడంటాడు. ఇలాంటివి అసలు సినిమాకు ముందు థియేటర్లలో తప్పనిసరిగా వేసేవారు. జనానికి మాత్రం అది బయట బీడీ ముగించి వచ్చే వేళ.

ఆర్.ఎం.ఎస్. పెట్టెల్లో పనిచేసి రిటైరైన సార్టర్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఏర్పేడు మండలంలోనే ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. అక్కడి విద్యార్థుల జేబుల్లోని ఫోన్లు హ్యారీ వాట్ కెమెరా కంటే తేలికైనవి, చీకట్లో దానికంటే బాగా చూడగలిగినవి. ఆ పెద్దల్ని కుర్చీలో కూర్చోబెట్టి జ్ఞాపకాలు చెప్పించి ఊరుకోకండి. గోడ మీద గూళ్లు గీయించండి, చేతికి కవర్ల కట్ట ఇవ్వండి, వేళ్లు ఎటు పోతాయో అది తీయండి.