నడిచే శవాలు – ఎగిరే వీరులు

బొమ్మల కథల పుస్తకాల మీద సాహిత్య విమర్శ అవసరమా అని అడిగేవారు మనలో ఇంకా ఉన్నారు. పిల్లలు చూసి పారేసే కాగితాలకు వస్తువిచారణ, వర్గదృష్టి ఎందుకని వారి ప్రశ్న. కాని ఆ కాగితాలు పిల్లల చేతులు దాటి చాలాకాలమైంది. కామిక్ కాన్ అనే పేరుతో హైటెక్స్ ప్రాంగణంలో జరుగుతూ వచ్చిన ఉత్సవానికి వెళ్ళి చూడండి. సూపర్‌మాన్‌గానో, సగం కుళ్ళిన శవంగానో వేషం కట్టి తిరిగేవారిలో మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే చదువుకున్న యువకులు కావలసినంతమంది కనిపిస్తారు. ఇంతమంది ఊహను ఆక్రమించుకున్న కథను సాహిత్యం కాదని మనం పక్కకు నెట్టినంత మాత్రాన దాని ప్రభావం తగ్గదు.

ఆ కథ చట్రం అందరికీ తెలిసినదే. ఒక మహానగరం. ఏదో అంటురోగం. చచ్చినవాళ్ళు లేచి బతికినవాళ్ళను కొరుకుతారు. కొరికించుకున్నవాళ్ళు కూడా అలాగే మారి గుంపులో కలుస్తారు. అప్పుడు అమానుష శక్తులున్న వీరుడొకడు దిగి, గుంపును ఊచకోత కోసి నగరాన్ని కాపాడతాడు. చంపబడేవాళ్ళు ముందే చచ్చినవాళ్ళు కాబట్టి వీరుడికి పాపం అంటదు, పాఠకుడికి జాలి కలగదు. ఈ కథను చదివేటప్పుడు నేను అడిగే ప్రశ్నలు రెండు: ఆ శవాలు ఎవరివి? వాటిని లేపినవాడెవడు?

జాంబీ కథ పుట్టింది హైతీలో. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలను ఫ్రెంచి ప్రభువులు చెరకు తోటల్లో చచ్చేదాకా పనిచేయించిన నేల అది. చస్తే అయినా విముక్తి ఉంటుందని బానిస ఆశ. చచ్చినా వదలకుండా, శవాన్ని లేపి మళ్ళీ పనికి తోలుతారేమోనని అతని భయం. ఆ భయానికే జాంబీ అని పేరు. బానిసలు తిరగబడి 1804లో స్వాతంత్ర్యం సాధించారు. 1915 నుంచి 1934 దాకా ఆ దేశాన్ని అమెరికా సైన్యం ఆక్రమించుకుంది. ఆ రోజుల్లో అక్కడ తిరిగిన విలియం సీబ్రూక్ అనే అమెరికన్ రచయిత 1929లో అచ్చువేసిన గ్రంథంలో ఒక కథ చెప్పాడు. అమెరికన్ చక్కెర కంపెనీ తోటలోకి ఒక మేస్త్రీ కొందరు కూలీలను తోలుకొస్తాడు. వాళ్ళు శవాలు. పని వాళ్ళది, కూలి డబ్బులు మేస్త్రీవి. వాళ్ళకు ఉప్పులేని కూడే పెట్టాలి. ఒకనాడు పొరపాటున ఉప్పు తగిలిన తిండి పెడతారు. ఆ క్షణంలో తాము చచ్చామని వాళ్ళకు తెలుస్తుంది. పని వదిలేసి, ఎవరు పిలిచినా ఆగకుండా, తమ సమాధులున్న ఊరి దారి పడతారు.

పౌరుషం చచ్చినవాణ్ణి మన పల్లెల్లో ఏమని అడుగుతారు? “ఉప్పూ కారం తినటం లేదా?” అని అడుగుతారు. హైతీ తోటకూలీకీ తెలుగు రైతుకూలీకీ పరిచయం లేదు. కాని ఉప్పుకీ రోషానికీ ఉన్న సంబంధం ఇద్దరికీ తెలుసు.

ఈ కథ అమెరికా వినోద పరిశ్రమ చేతిలో పడి ఏమైందో గమనించాలి. 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’ చిత్రంలో యజమాని ఇంకా కనిపిస్తాడు. అతని చక్కెర మిల్లులో శవాలు గానుగ తిప్పుతుంటాయి; ఒకటి యంత్రంలో పడిపోయినా పని ఆగదు. 1968లో జార్జ్ రొమెరో తీసిన చిత్రంతో యజమాని మాయమయ్యాడు, నరమాంసం తినే గుంపు మిగిలింది. అయినా రొమెరోకు వివేకం ఉంది. రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లజాతి కథానాయకుణ్ణి తెల్లవారాక తుపాకులు పట్టిన తెల్లవాళ్ళు శవమనుకుని కాల్చేస్తారు. ఆ తరవాత వచ్చిన వందలాది కథల్లో ఈపాటి వివేకం కూడా అరుదైపోయింది. దోపిడికి గురైనవాడి భయంగా పుట్టిన కథ, గుంపును చూసి ఆస్తిపరుడు పడే భయంగా తలకిందులైంది.

వీరుడి చరిత్ర కూడా ఇలాంటిదే. 1938లో అచ్చులోకి వచ్చిన సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ ఇద్దరూ పేద యూదు కుటుంబాల కుర్రవాళ్ళు. వాళ్ళ సూపర్‌మాన్ ఆ ఏడే ఒక కథలో, కార్మికుల ప్రాణాలను లెక్కచేయని గని యజమానిని అదే గనిలో చిక్కుకునేట్టు చేసి బుద్ధి చెబుతాడు. అంతటి వీరుడి మీద సర్వహక్కులనూ కంపెనీ 130 డాలర్లకు కొనేసింది. పోనుపోను గని యజమానులు కథలోనుంచి తప్పుకున్నారు. పరగ్రహాల రాక్షసులు వచ్చారు.

అయితే ఇదంతా సామ్రాజ్యవాద విషమని ఒక్క మాటతో కొట్టిపారేసే మిత్రులతోనూ నేను ఏకీభవించలేను. ఆ పరిశ్రమలోనే 2005–06లో రాబర్ట్ కిర్క్‌మన్ రాయగా షాన్ ఫిలిప్స్ బొమ్మలు వేసిన ‘మార్వెల్ జాంబీస్’ వెలువడింది. ఇందులో రోగం మొదట పట్టేది వీరులకే. నగరాన్ని కాపాడవలసిన చేతులే నగరాన్ని తినేస్తాయి. కడుపు నిండిన కాసేపు వాళ్ళకు తెలివి వస్తుంది. స్పైడర్‌మాన్ తాను భార్యనూ, పెంచిన అత్తనూ తిన్నానని ఏడుస్తాడు. ఆకలి కాగానే మళ్ళీ వేటకు లేస్తాడు. విజ్ఞానవేత్త అయిన మరో వీరుడు ఒక ఆఫ్రికా రాజును ప్రయోగశాలలో బంధించి, కొద్దికొద్దిగా కోసుకు తింటాడు. భూమి మీద తినటానికేమీ మిగలక, చివరకు లోకాలను మింగే దేవుణ్ణే తింటారు. వలస రాజ్యాల చరిత్రను ఇంతకంటే సూటిగా చూపిన బొమ్మల కథ నేను చదవలేదు. రచయితలు ఆ ఉద్దేశంతో రాశారని నేననను. బీభత్సాన్ని అమ్మి సొమ్ము చేసుకోవటమే వారి లక్ష్యం కావచ్చు. కాని కథకు దాని తర్కం ఉంటుంది. అది కంపెనీ ఆజ్ఞకు పూర్తిగా లొంగదు.

తెలుగువారికి ఈ రెండు కథలనూ పరిచయం చేసినది సినిమా. దర్శకుడు ప్రశాంత్ వర్మ తీసిన ‘జాంబీ రెడ్డి’ 2021 ఫిబ్రవరిలో వచ్చింది. కథ హైదరాబాదులో కంప్యూటరు ఆటలు తయారుచేసే కుర్రవాళ్ళతో మొదలవుతుంది. ఆటలో దొర్లిన తప్పును దిద్దగలవాడు పెళ్ళికొడుకై కర్నూలు వెళితే, పని కోసం మిత్రులు అక్కడికి బయలుదేరతారు. పెళ్ళిపీటల దాకా వెంటపడే ఉద్యోగం! దర్శకుడు దీన్ని హాస్యంగా వాడుకుని వదిలేశాడు. నా దృష్టిలో చిత్రంలోకెల్లా నిజమైన ముక్క ఇదే. వేటకొడవళ్ళ ముఠాకక్షల మధ్య శవాలను ప్రవేశపెట్టి ఫ్యాక్షను చిత్రాలను ఎగతాళి చెయ్యటం కూడా మెచ్చదగిందే. కాని శవాలను లేపింది కరోనా మందు కోసం జరిగిన ప్రయోగం అన్న తరవాత, అలాంటి ప్రయోగాలకు పేదవాడి ఒళ్ళే ఎందుకు దొరుకుతుందన్న ప్రశ్న దగ్గర చిత్రం నిలవదు. అదే దర్శకుడి ‘హను–మాన్’ 2024లో వచ్చింది. ఇందులో సూపర్‌హీరో కావాలన్న పిచ్చితో కన్న తల్లిదండ్రులనే చంపుకున్నవాడు ప్రతినాయకుడు. అది పదునైన వ్యంగ్యం. అయినా పాలెగాడి కింద నలుగుతున్న ఊరికి అండ ఊరి ఐక్యతలో దొరకదు. ఒక మణిలో దొరుకుతుంది.

ఆ తొలి చిత్రం రావటానికి తొమ్మిది నెలల ముందు, కరోనా భయంతో దేశమంతా తలుపులు మూసుకున్న రోజులు జ్ఞాపకం చేసుకోండి. నగరం శివార్లలో కంది దగ్గర ఐ.ఐ.టి. భవనాలు కడుతున్న వలసకూలీలు రావలసిన కూలి ఇవ్వమనీ, ఇళ్ళకు పంపమనీ 2020 ఏప్రిల్ 29న తిరగబడ్డారు. మే 1న, కార్మిక దినం నాడే, హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని లింగంపల్లి స్టేషను నుంచి సుమారు 1,200 మంది కూలీలతో దేశంలో మొదటి శ్రామిక రైలు జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. మేడలు కట్టినవాళ్ళను చూసి మేడల్లో ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో మూతికి గుడ్డ కట్టుకుని పక్కకు జరిగారు. దారివెంట మూటలతో నడిచిపోయే మనుషుల్లో రోగం మోసుకొచ్చే గుంపును చూడటం మనకు ఎవరు నేర్పారు? ఈ కథలు నేర్పిన పాఠం అందులో కొంత ఉందని నా నమ్మకం. 1998లో సైబర్ టవర్స్ తెరిచిననాటి నుంచి సైబరాబాదు గురించి వినిపిస్తున్న కథ కూడా వీరగాథే కదా! ఒక దార్శనికుడు, ఒక రాతిగుట్ట, ఒక నగరం. సిమెంటు మోసినవాడు అందులో లేడు.

తాను ఆ గుంపులోవాణ్ణి కాదని నమ్మే కంప్యూటరు ఉద్యోగి సంగతేమిటి? రాత్రి షిఫ్టు దిగి రాయదుర్గం మెట్రోమెట్ల మీద “జాంబీనైపోయా” అనుకునే కుర్రవాళ్ళ మాట నేను చాలాసార్లు విన్నాను. వాళ్ళ నోటినుంచి అప్రయత్నంగా వచ్చే ఆ మాట ఏ విమర్శకుడి సిద్ధాంతం కంటే ఖచ్చితమైనది. తెర మీది మాయలను తయారుచేసే చేతుల గతి కూడా అదే. హైదరాబాదులోనూ శాఖ నడిపిన రిథమ్ అండ్ హ్యూస్ కంపెనీ ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రంలోని పులిని సృష్టించింది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా తీసింది. అదే నెలలో ఆ పనికి ఆస్కారు వచ్చింది. వేదిక మీద దాని కష్టం చెప్పబోయిన కళాకారుడి మాటను వాద్యసంగీతం పెంచి నొక్కేశారు.

మన సంప్రదాయంలోనూ భుజానికెక్కిన శవం ఒకటుంది. కొడవటిగంటి కుటుంబరావు ఏళ్ళ తరబడి చందమామలో నడిపిన కథల్లోని బేతాళుడు. ఆ శవం కొరకదు, ప్రశ్న వేస్తుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని రాజునే బెదిరిస్తుంది. పాత బేతాళ కథల్లోనైతే చివరకు, నిన్ను పంపిన భిక్షువు నిన్నే బలి ఇవ్వబోతున్నాడని గుట్టు విప్పి రాజు కళ్ళు తెరిపిస్తుంది.

తెలుగులో రేపు ఇలాంటి బొమ్మల కథ రాయబోయే యువకులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. వీరులు ఉండనివ్వండి, శవాలూ ఉండనివ్వండి. శవాలను తోలుకొచ్చి కూలి జేబులో వేసుకునే మేస్త్రీని మాత్రం కథలోనుంచి తప్పించకండి. ఆ శవాలకు కాస్త ఉప్పు పెట్టండి. తరవాత అవి ఎటు నడుస్తాయో చూసి రాయండి.