ద్రూ స్తంభం మీద బొనాటి తాడు పని

ఫ్రాన్స్‌లోని షమొనీ పట్టణానికి ఎగువన, మేర్ ద గ్లాస్ హిమానీనదం పక్కన నిటారుగా లేచిన గ్రానైట్ శిఖరం పెతీ ద్రూ. ఎత్తు సుమారు 3,730 మీటర్లు. దాని నైరుతి స్తంభాన్ని 1955 ఆగస్టులో ఇటలీకి చెందిన వాల్టర్ బొనాటి ఒంటరిగా ఎక్కాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు. ఆరు రోజులు పట్టింది. అందరూ అతని గుండెధైర్యాన్ని పొగుడుతారు. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది అతని తాడు పని.

ఇద్దరు ఎక్కుతుంటే ఒకరు పైకి పోతారు, రెండోవారు కింద తాడు పట్టుకుని కాపు కాస్తారు. ఒంటరివాడికి ఆ కాపు ఉండదు. బొనాటి తాడు కొసను కింది మేకుకు కట్టి, తనకు తానే కొద్దికొద్దిగా తాడు వదులుకుంటూ, నెర్రెల్లో ఇనుప మేకులు దిగగొట్టుకుంటూ పైకి పోయేవాడు. గట్టి రాతిలో మేకు సరిగ్గా దిగుతుంటే సుత్తి దెబ్బదెబ్బకీ మోత స్థాయి పెరుగుతుంది. బోలుగా మోగిందంటే దాన్ని నమ్మకూడదు. తాడు అయిపోయినచోట దాన్ని బిగించి, కిందికి దిగి, సామాను సంచి విప్పి, కొట్టిన మేకులు ఊడదీసుకుంటూ మళ్ళీ ఎక్కి, సంచిని పైకి లాక్కునేవాడు. పై భాగానికి ఆ మేకులే ఆధారం మరి! అంటే స్తంభంలో చాలా భాగం రెండుసార్లు ఎక్కి, ఒకసారి దిగాడన్నమాట. దీనికి తోడు సంచిలో ఒక మేకు గుచ్చుకుని స్పిరిట్ డబ్బాకు చిల్లుపడింది, తిండి చాలావరకు పాడైంది.

అయిదో రోజున దారి మూసుకుపోయింది. పైన ముందుకు పొడుచుకొచ్చిన బండ. వెనక్కి దిగే వీలూ లేదు. దూరంగా కొన్ని రాతి పలకలు మాత్రం కనిపించాయి. బొనాటి తాడు కొసకు ముడులూ ఉచ్చులూ వేసి, ఆ పలకలమధ్య చిక్కుకునేదాకా విసిరాడు. చిక్కింది. లాగి చూశాడు, ఆగింది. కానీ మనిషి బరువు ఆపుతుందో లేదో వేలాడితేనే తెలిసేది. వేలాడాడు. శూన్యంలోకి ఊగి, చేతుల బలంతో ఆ తాడు పట్టుకుని పైకి పాకాడు. దీన్ని తెగింపు అని తేల్చేస్తే అన్యాయం. ఏ ముడి రాతిలో ఎలా ఇరుక్కుంటుందో చేతికి తెలిసినవాడి లెక్క అది.

2005 జూన్ చివర్లో ఆ స్తంభం చాలావరకు కూలిపోయింది. రాతి పగుళ్ళను పట్టి ఉంచే మంచు కరగడమే ముఖ్య కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 2011లో బొనాటి కన్నుమూశాడు. అతని దారిలో ఇక ఎవరూ ఎక్కలేరు. అతను రాసిన ‘లె మియె మోంతాన్యె’ పుస్తకం మాత్రం ఉంది. కొండలెక్కడం నేర్చుకునేవాళ్ళు అందులో ద్రూ అధ్యాయాన్ని తప్పకుండా చదవాలి.