ఒత్తే చేతి వెనక ఉన్న ఒళ్లు

జపాన్‌వాళ్ల ఒత్తుడు వైద్యం షియాట్సు. అది బలంతో ఒత్తే పని కాదు. నేల మీద పరుపు, ఒంటి మీద నూలు బట్టలు ఉంటే చాలు, నూనె చుక్క అక్కర్లేదు. చేసే మనిషి మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచి, నడుము నుంచి ముందుకు వాలతాడు. బొటనవేలు నిలువుగా దిగి అక్కడే ఆగుతుంది. పడుకున్న మనిషి ఊపిరి వదిలేకొద్దీ లోతుకు పోతుంది, పీల్చేటప్పుడు తేలిపోతుంది. భుజం బిగిసిందా, పని చెడింది! వెన్ను నుంచి మడమ దాకా మోకాళ్ల మీదే జరగాలి. ఐకిడో చేసినవాళ్లకు ఆ నడక ‘షిక్కో’గా ముందే వచ్చు. పొత్తికడుపులో, జపాన్‌వాళ్లు ‘హరా’ అనేచోట, బరువు నిలపడం జూడోలో పడి లేచిన ఒంటికి వేరే చెప్పాలా?

ఈ విద్యకు జపాన్‌లో పేరు తెచ్చిన తొకుజిరో నామికోషి (1905–2000) చిన్నప్పుడే కీళ్లవాతంతో బాధపడుతున్న తల్లిని ఒత్తి ఒత్తి బాగుచేశాడంటారు. 1940లో టోక్యోలో బడి పెట్టాడు. 1954లో హనీమూన్‌కి వచ్చి కడుపునొప్పితో మెలికలు తిరిగిన మార్లిన్ మన్రోకు ఆయన చేతులే దిక్కయ్యాయి. మహానుభావుడే, కానీ నా మొగ్గు షిజుతో మాసునాగ వైపు. ఆయన క్యోటోలో మనస్తత్వశాస్త్రం చదివి, నామికోషి బడిలోనే పాఠాలు చెప్పి, చివరికి ఈ విద్యను జెన్ బౌద్ధంతో ముడివేశాడు. ఆయన పద్ధతిలో ఒక చెయ్యి తల్లిలా కదలకుండా ఆనుకుని ఉంటుంది, రెండోది వెతుకుతూ పోతుంది. ఒంట్లో పొంగినచోటు ‘జిత్సు’, వెలితిపడినచోటు ‘క్యో’. జిత్సు వేలికి ఇట్టే తగులుతుంది. క్యో నక్కి ఉంటుంది, మనసు ఊరుకుంటే తప్ప దొరకదు.

ధ్యానం ఇక్కడే కావాలి. అది మనకు పరాయిదేమీ కాదు. జెన్ గురుపరంపరలో పద్నాలుగోవాడు మన నాగార్జునుడు. ఓరుగల్లు నుంచి ఈ దారి పట్టాలనుకునేవాళ్లు ముందు టోక్యో దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ దగ్గర ధమ్మఖేత్త కేంద్రంలో 1976 నుంచి విపశ్యన ధ్యానం నేర్పుతున్నారు. పది రోజులు నోరు మూసుకుని నడినెత్తి నుంచి కాలివేళ్ల దాకా తన ఒంటిని తానే గమనించినవాడికి పరాయి ఒంట్లో వెలితి ఎందుకు అందదు?

మరి మనకు అమ్ముతున్నదేమిటి? షోరూముల్లో కరెంటు కుర్చీకి షియాట్సు పేరు! ఉండలు గరగరా తిరిగితే అది స్పర్శా? స్పా బోర్డు మీద అదే పేరు, లోపల నూనె జిడ్డు. శని, ఆదివారాల్లో క్లాసు, సోమవారానికి సర్టిఫికెట్! జపాన్‌లో లైసెన్సు కావాలంటే మూడేళ్ల చదువు, ఆపైన జాతీయ పరీక్ష. మన దగ్గరా ఒకప్పుడు తాలీముల్లో ఉస్తాదులు కుస్తీతోపాటు మాలిష్, బెణుకు సవరించడం కూడా నేర్పేవారు. ఆ చేతుల్ని మనమే పోగొట్టుకున్నాం.

హనుమకొండ, కాజీపేటల్లో కరాటే, జూడో నేర్పే మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. పిల్లలకు తన్నడం నేర్పుతున్నారు, సంతోషం. క్లాసు ముగిశాక పావుగంట కళ్లు మూయించి కూర్చోబెట్టండి. తర్వాత ఒకరి వీపు మీద ఒకరి చెయ్యి పెట్టించండి.